పేరు పెట్టి చేసిన ప్రార్థన

ఆ ఆదివారం పొద్దున చాంద్రాయణగుట్ట గల్లీలో నల్లా రాగానే ఆడవాళ్లంతా బిందెలతో బయటికొచ్చారు. ఆగమ్మ పక్కింటి రమాబాయిని చూసి నవ్వింది. రమాబాయి మొహం తిప్పుకొని, లోపలికి పోయి తలుపు ధడేల్మని వేసుకుంది.

"చూసినవా గామె వాలకం!" ఆగమ్మ ఇంట్లోకొచ్చి బిందె దించింది. "మన మేడ మీది పైపు నీళ్లు తన ఆకిట్ల పడ్తున్నయని ఎప్పుడో లొల్లి చేసింది. ఇంకా కోపం పోలే."

కూతురు స్వీటీ చున్నీ ఇస్త్రీ చేసుకుంటోంది. "కోపం నీళ్ల మీద కాదమ్మా, నిన్నటి నీ ప్రార్థన మీద."

నిన్న సాయంత్రం వాళ్లింట్లో గృహ ప్రార్థన జరిగింది. జనం ఎక్కువై బయట కూడా కూర్చుంటే స్పీకరు గల్లీ వైపు పెట్టారు. ఆగమ్మ మైకు అందుకొని, "మా పక్కింటి రమాబాయి రాతిగుండెను కరిగించు తండ్రీ" అని కన్నీళ్లతో ప్రార్థించింది.

"తిట్టిననా ఏంది? ఆమె మేలే కోరిన!"

"పేరు పెట్టి, మైకుల! కిరాణం కాడ ఆమెను 'రాయిబాయి' అని నవ్వుతున్నరు."

అద్దం ముందు తల దువ్వుకుంటున్న భర్త ఇస్సాకు ఇటు తిరిగాడు. "దేవునికి చెవుడా ఆగమ్మా, మైకుల చెప్తివి? ఆమె ఇనాలెననే చెప్పినవ్. నాకు తెల్వదా?"

అది నిజం.

"పక్కోళ్లతోని సమాధానపడకుండ ప్రభు బల్ల ముట్టొద్దని నువ్వే నేర్పితివి," అంది స్వీటీ మెల్లగా. "ఇయ్యాల బల్ల ఉన్నది. ఎట్ల ముడ్తవ్?"

బాప్తిస్మం తీసుకున్ననాటి నుంచి ఆగమ్మ మందిరంలో రొట్టె, ద్రాక్షరసం పంచే ఆ బల్లను ఒక్కసారి కూడా తప్పలేదు. తడి చేతులు కొంగుకు తుడుచుకొని, వెళ్లి రమాబాయి తలుపు కొట్టింది.

"అక్కా, సమాధానం కోసం వచ్చిన."

మందిరంలో ఆ మాటకు శాంతి అని అర్థం. రమాబాయికి ఆ సంగతేం తెలుసు?

"సమాధానమా? అది చెప్పాల్సింది నువ్వు! నన్నడుగుతవేంది?" రమాబాయి తలుపు సగమే తీసి నిలబడింది. "గోడ అవతలనే ఉంటి. ఏదున్నా తలుపు కొట్టి చెప్పరాదా? నా మీద దేవునికే ఫిర్యాదు చేస్తివి. గల్లీల తలెత్తుకోకుండ చేస్తివి."

వస్తూ కూడబెట్టుకున్న మాటలన్నీ ఆగమ్మ మరిచిపోయింది. అవును, సమాధానం చెప్పాల్సింది తనే. గల్లీ వైపు తిరిగి గొంతెత్తింది.

"అందరు ఇనుండ్రి! నీళ్ల పైపు తిప్పిస్తనని మాటిచ్చి తిప్పియ్యనిది నేను. తప్పు ఒప్పుకోబుద్ధి గాక, అక్కను మార్చుమని దేవుని అడిగిన. రాతిగుండె నాది!"

నల్లా దగ్గరి ఆడవాళ్లంతా బిందెలు వదిలి ఇటు తిరిగారు. ఆగమ్మకు ఏడుపు ఆగలేదు.

"చాలు తీ, మల్లో తమాషా!" రమాబాయి ఆమె చెయ్యి పట్టి లోపలికి గుంజింది. తన కొంగుతో ఆమె కళ్లు తుడిచింది. తన కళ్లు తుడుచుకోవడం మరిచిపోయింది. "ఇంకోపాలి నా గురించి దేవునికి చెప్పబుద్ధయితే ముందుగాల నాకు చెప్పు."

"చెప్తనక్కా."

"ఇగ పో. నీ పూజకు లేటయితది."

'పూజ కాదు, ఆరాధన' అనబోయి ఆగమ్మ ఆగింది. పట్టుకున్న రమాబాయి చెయ్యిని మాత్రం ఆమె ఇంకాసేపు వదల్లేదు.