పగ అనే మాట

పందిట్లో నాదస్వరం మొదలైపోయింది... మేనమామ గుడిసె మాత్రం ఇంకా లేవలేదు!

దేవిప్రియ వాకిట్లోకి వచ్చి వీధి చివరిదాకా చూసింది. సేత్తూరు బస్సు వెళ్ళింది, చుట్టాల బైకులు వస్తూనే ఉన్నాయి. చోళపురం నుంచి అన్న బండి మాత్రం రాలేదు! ఈరోజు ఆమె కూతురు కార్తీక సడంగు. పెద్దమనిషైన పిల్లకు మేనమామ పచ్చి టెంకాయ మట్టలు తెచ్చి, తన చేత్తో గుడిసె అల్లి కడితేనే ఆ తరువాత పసుపునీళ్ళు పోస్తారు. ఆ గుడిసె లేకపోతే? ఈ పిల్ల తల్లికి పుట్టిల్లే లేదని ఊరంతా చెప్పుకోదూ! లోపల పట్టుపావడా కట్టుకొని, తల నిండా కనకాంబరాలు పెట్టుకొని కూర్చున్న కార్తీక, "అమ్మా, మామ వచ్చినాడా?" అని మాటిమాటికీ అడుగుతుంటే దేవిప్రియ గుండె చెరువైపోయింది.

"అంతా ఆ వల్లి వదినె పనేనమ్మా! పగ తీర్చుకుంటా ఉంది..." అంది ఏడుపు ఆపుకుంటూ, తల్లి తంగమ్మాళ్ చెవిలో.

వల్లి అంటే ఆమె అన్న ఆనందరాజ్ భార్య. తంగమ్మాళ్ కొడుకు దగ్గరే ఉంటుంది, సడంగని ముందుగానే కూతురింటికి వచ్చింది. ఆ మాట వినగానే ముసలమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. "ఆ మాట అనొద్దు తల్లీ..." అంది, అంతే. కోడల్ని వెనకేసుకొస్తోంది! కన్నతల్లి కూడా ఏదో దాస్తోంది!

అనుమానం ఊరికే వస్తుందా? తాంబూలంతో పిలవడానికి వెళ్ళినప్పుడు అన్న, "సరిమ్మా, సరి" అని నవ్వాడు. వల్లి మాత్రం పళ్ళెం అందుకొని లోపలికి వెళ్ళిపోయింది. పైగా మరునాడే ఫోన్ చేసి, "కార్తీక ఎంత ఎత్తు ఉంటుంది?" అని అడిగింది. ఆడపిల్ల ఎత్తుతో ఈమెకేం పని! దిష్టి తీసేవాళ్ళు అడగాలి, లేకపోతే దిష్టి పెట్టేవాళ్ళు అడగాలి... నిన్న సత్రపట్టిలో టెంకాయలు దించే మూక్కన్ కనబడి, "మీ అన్న ఇంటి నుంచి ఫోన్ వచ్చినది అక్కా, మట్టలు కోయొద్దన్నారు" అన్నాడు. ఇంకేం కావాలి! రక్తం పంచుకుపుట్టిన అన్న అలా అంటాడా? వచ్చింది పరాయి ఇంటి పిల్ల, చేసింది ఆ పిల్లే. ఆడపడుచు లెక్క ఎప్పుడూ ఇంతే కదా!

అయినా ఈ పగకు మూలమేమిటో దేవిప్రియకూ తెలుసు, భర్త భాస్కరన్‌కూ తెలుసు. రెండేళ్ళ కిందట అన్న కూతురు మధుమిత సడంగుకు వేసిన బ్యానర్‌లో భాస్కరన్ పేరు మరిచిపోయారు. పేరు లేని చోటికి పోతామా! మేనత్తగా మొదటి చెంబు పసుపునీళ్ళు పోయవలసిన మనిషి, ఇంటికి తాళం వేసి మొగుణ్ణి వెంటబెట్టుకొని కుత్రాలం వెళ్ళి జలపాతం కింద స్నానం చేసి వచ్చింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ రోజు గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు అనుమానం మరింత పెరిగేది.

ఇంతలో హారన్ మోగింది! మట్టలు గుట్టగా వేసుకొని ఒక మినీ లారీ వచ్చి ఆగింది. వల్లి దిగింది, వెనకే మధుమిత దిగింది. అన్న లేడు!

"మా అన్న ఎక్కడ వదినా? రానియ్యకుండా ఆపినావు కదా! ఇప్పుడు తీరినదా నీ పగ?" దేవిప్రియ గొంతు పందిరంతా వినబడింది.

వల్లి చీరకు అంటిన ఆకులు దులుపుకుంది. "మీ అన్న రానన్నాడు దేవీ. మూక్కన్‌కు ఫోన్ చేసి వద్దన్నదీ ఆయనే. చెప్పి చెప్పి నా నోరు ఎండిపోయినది. పొద్దున్నే సేత్తూరుకు పోయి, మా అమ్మగారి తోపులో కోయించుకొని వస్తా ఉండాను."

"అబద్ధం! అమ్మా, నువ్వు చెప్పమ్మా!"

తంగమ్మాళ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నిజమేనమ్మా... 'నా బిడ్డకు నీళ్ళు పొయ్యనిదానికి నేనేమిటికి గుడిసె కట్టాల' అన్నాడు. నీకు ఏ నోటితో చెప్పేది?"

వల్లి దేవిప్రియను పట్టుకొని అరుగు మీద కూర్చోబెట్టింది. కోపమూ ఉంది, జాలీ ఉంది ఆ చేతుల్లో.

"ఒకటి అడుగుతాను. మా మధుకు నువ్వు రాకుండా కుత్రాలం పోయినావే, దానికేమి పేరు పెట్టినావు? రోసం అన్నావు! ఊరంతా చెప్పుకున్నావు. ఇప్పుడు అదే పని మీ అన్న చేస్తే పగ అంటా ఉండావు, అదీ నా తల మీద వేసి. మనం చేస్తే రోసం, ఎదుటోళ్ళు చేస్తే పగ... ఇదేమి న్యాయం దేవీ? ఎత్తు అడిగినానని తప్పుగా తలచినావంట. పిల్ల తలకు మట్ట తగలకూడదని అడిగినాను!"

వల్లి నడుముకు కొంగు చుట్టి మట్టలు అల్లడం మొదలుపెట్టింది. మధుమిత తాళ్ళు అందించింది. ఆడది కడితే చెల్లుతుందా అని ఎవరో గొణిగితే తంగమ్మాళ్ లేచి నిలబడింది. "మామ ఇంటి చేయి పడినది. చెల్లుతుంది!"

గుడిసె లేచింది. దేవిప్రియ మధుమిత చెయ్యి పట్టుకొని తీసుకెళ్ళి, కార్తీక పక్కన పీట మీద కూర్చోబెట్టింది.

"అత్తా, నాకు అయిపోయినదే..."

"నా చేత్తో కాలేదు కదమ్మా!" మొదటి చెంబు మేనకోడలి తల మీద పోసింది. ఆ పసుపునీళ్ళల్లో ఆమె కన్నీళ్ళు ఎన్ని కలిశాయో!

"ఆనందరాజ్ రాలేదే? చెల్లెలి మీద పగా?" అని అడిగింది పెద్దమ్మ పాక్కియం, అందరికీ వినబడేలా.

"పగ కాదు పెద్దమ్మా, రోసం. నేనే నేర్పినాను" అంది దేవిప్రియ.

విందు అయ్యాక వల్లి లారీ ఎక్కుతుంటే, తడిసిన చీరతోనే దేవిప్రియ వచ్చి నిలబడింది.

"నేనూ వస్తాను వదినా, కొంచెం జరుగు."

"ఇంకా మీ అన్నను పిలిచి ఏమి చేస్తావు? సడంగు ముగిసినదే!"

"పిలవడానికి కాదు... తిట్టించుకోవడానికి."

వల్లి జరిగి చోటిచ్చింది.