అవతలి ఒడ్డు రాతిగుంజ

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, రేవుకి అవతలి ఒడ్డున, సరుగుడు తోట మొదట్లో, ఓ రాతిగుంజ ఉందట. పడవలు కట్టడానికే పాతేరు దాన్ని. కానీ చీకటి పడితే ఎవరూ కట్టరు. ఎంత గట్టిగా కట్టినా, రాత్రి ఎవరో ఆ తాడు మీద చెయ్యి వేస్తారట. గాలి ఉండదు, మనిషి ఉండడు... ముడి మాత్రం కదులుతుంది. ఒకప్పుడు అక్కడ జనాన్ని దాటించిన ముసలాయన గాలివానకి పడవతో పాటే పోయేడు, శవం కూడా దొరకలేదు—ఆయనే అంటారు.

చోడవరం నుంచి కనకమహాలక్ష్మి వచ్చిన సాయంత్రం ఆవిడకి ఇదేమీ తెలీదు.

పుట్టింది చెరుకు పండించే ఇంట్లో. మొగుడు ఉమామహేష్ చీడికాడ వేపు రిజర్వాయరులో మోటారు బోటు నడిపేవాడు. రెండేళ్ళ కిందట జ్వరమొచ్చి పోయేడు. బోటు అమ్మేయమని అందరూ చెప్పేరు. అమ్మలేదు. ఇంజిను తిప్పడం తనే నేర్చుకుంది. ఈ ఏడు రిజర్వాయరు ఎండిపోతే, బోటుని ట్రాక్టరు మీద తెచ్చి శారదా నదిలో దింపి, ఒక్కత్తే నడుపుకుంటూ మొగ దాకా వచ్చేసింది. ఇక్కడ జనాన్ని దాటించుకుని బతకాలి. ఆ బోటు తప్ప ఆవిడకి ముందూ లేదు, వెనకా లేదు.

రేవులో పడవలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి.

"బాబూ, కాస్త జరిగితే నాదీ కట్టుకుంటాను" అంది.

పెదబాబు అనే పడవ మనిషి వల కుట్టుకుంటూ తలెత్తలేదు. "ఏ ఊరేటి?"

"చోడవరం."

"సోడారమా! ఏట్లోకి సెరుకు బండి తోలుకొచ్చేవేటమ్మా?" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేరు. "ఇక్కడ సోటు లేదు. అవతల రాతిగుంజ కాళీయే. ఎల్లు."

టీ కొట్టు అచ్చియ్యమ్మ గ్లాసులు కడుగుతున్నది కాస్తా ఆగిపోయింది. "ఒరే, ఆడకూతుర్ని అక్కడికి పంపుతావేట్రా? నోట్లో మన్నడిపోను!" దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి, గుంజ సంగతంతా చెప్పింది. "ఈ రేతిరికి నా కొట్లో తొంగోమ్మా. బోటు ఏటయితే అదవుతాది."

"బోటు పోతే నేనేటవుతాను, పిన్నీ?"

వెళ్ళింది.

ఎవరో విప్పుతారన్నారు కదా—విప్పలేనట్టు కట్టాలనుకుంది. ఇంటి దగ్గర పశువుల సాలలో గిత్తని కట్టినట్టే కట్టింది. తాడు పొట్టిగా లాగి, బోటు ముక్కు గుంజకి ఆనేలా బిగించి, ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి. అమావాస్య పోటు... నీళ్ళు గుంజ మెడ దాకా ఉన్నాయి. బోటు ఇటూ అటూ కదల్లేదు. అమ్మయ్య అనుకుంది.

అవతల రేవులో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. ఎవరో ఎవరినో అన్నానికి పిలుస్తున్నారు. ఆ పిలుపు నీళ్ళ మీద నుంచి తేలుకుంటూ వచ్చింది. తనని అలా పిలిచి ఎన్నాళ్ళయిందో... దుప్పటి ముసుగు పెట్టేసుకుంది.

ఏ రాత్రప్పుడో మెలకువ వచ్చింది.

కిర్... కిర్ర్ర్...

బోటు ముక్కు పైకి లేస్తోంది. ఎవరో రెండు చేతులతో ఎత్తుతున్నట్టు—మెల్లగా, పైకి, ఇంకా పైకి. కాళ్ళ వేపు చల్లగా తగిలింది. నీళ్ళు! ఇంజిను వేపు నుంచి లోపలికి వచ్చేస్తున్నాయి.

టార్చి వేసింది. ఎవరూ లేరు.

కానీ గుంజ పెరిగింది.

సాయంత్రం మెడ మాత్రమే కనపడిన రాయి, ఇప్పుడు మనిషంత ఎత్తు లేచి, నల్లగా కారుతూ, ఆవిడ మీదికి వంగి చూస్తోంది.

పాక్కుంటూ పోయి ముడి పట్టుకుంది. ఇనుములా ఉంది. గోళ్ళు విరిగేయి. రాలేదు.

అప్పుడు...

"అమ్మీ... ఏరు దిగిపోతంది. తాడొదులు."

ముసలి గొంతు. గుంజ వేపు నుంచే.

అయినా తాడు వదల్లేదు. "ఒదల్ను. నాకిదొక్కటే ఉంది."

గుంజ చుట్టూ నీళ్ళు ఇంకో జానెడు దిగేయి.

"సంద్రంలో కలిసే ఏరమ్మా ఇది. ఎక్కుతాది, దిగుతాది. దాంతోపాటు పడవా దిగాల. గిత్తని కట్టినట్టు కట్టేస్తే ఉరి పడిపోదా?"

"ముడి... రావట్లేదు."

"సెయ్యి తియ్యి."

తీసింది. ఎందుకు తీసిందో ఆవిడకీ తెలీదు. ఆ గొంతు అంత మెత్తగా ఉంది మరి.

టార్చి వెలుగులోనే ముడి కదిలింది. ఒక చుట్టు... ఇంకో చుట్టు... తాడు జర్రున జారింది. ముక్కు ధబ్బున నీళ్ళ మీద పడింది. బోటు సర్దుకుంది. కొట్టుకుపోతుందని కళ్ళు మూసుకుంది ఆవిడ. పోలేదు. తాడు కాస్త పోయి ఆగింది—గుంజ చుట్టూ, వదులుగా, కుదురుగా.

"కూడు తిన్నావా అమ్మీ?"

భయపడాల్సిన మాటే. కనకమహాలక్ష్మి మాత్రం మోకాళ్ళలో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే తెల్లారే దాకా ఆ గొంతుతో మాటాడుతూ ఉంది.

తెల్లారేసరికి పెదబాబు తనే పడవేసుకుని వచ్చేడు. అచ్చియ్యమ్మ వెంటే ఉంది. కనకమహాలక్ష్మి డబ్బాతో బోటులో నీళ్ళు తోడుతోంది. గుంజ మళ్ళీ మెడ దాకా మునిగే ఉంది.

"తప్పయిపోనాది, తల్లీ" అన్నాడు పెదబాబు. "సాయంత్రం నుంచి మా వరసలోనే కట్టుకో. సోటు సేస్తాం."

అచ్చియ్యమ్మ కనకమహాలక్ష్మి చెయ్యి పట్టుకుంది. "రేతిరల్లా మాటాడుతానే ఉన్నావు. నీళ్ళ మీద బాగా ఇనిపించింది... నీ గొంతొక్కటే ఇనిపించిందే అమ్మా."

కనకమహాలక్ష్మి డబ్బా పక్కన పెట్టి, ఇంజిను తుడవడం మొదలెట్టింది.

ఆ రోజంతా జనాన్ని దాటించింది. చీకటి పడే వేళకి రేవులో పడవలు జరిపి, ఆవిడ బోటు పట్టేటంత చోటు ఉంచేరు. దీపం కూడా పెట్టేరు. బోటు ఆ చోటు దాకా వచ్చింది. ఆగినట్టే ఆగి, ముక్కు తిప్పేసింది.

"ఓలమ్మీ, ఎక్కడికే!" అచ్చియ్యమ్మ కేక వేసింది.

అవతలి ఒడ్డు దగ్గర ఇంజిను ఆపేసింది. సరుగుడు తోట హోరు తప్ప ఇంకేమీ లేదు. ఆవిడ ముక్కు మీద నిలబడి, తాడు చుట్ట చేత్తో పట్టుకుని, మనిషీ మాటా లేని ఆ చీకట్లోకి విసిరింది.

తాడు నీళ్ళలో పడిన చప్పుడు... రాలేదు. అవతలి కొస ఎవరో అందుకున్నట్టు, మెల్లగా బిగిసింది.