ఇసుకతిన్నె మీద పులిపురుగు

"ఆగండి! కాలు దించకండి!"

సర్వేయరు ఎత్తిన కాలు గాల్లోనే ఉండిపోయింది. ఇసుకలో బోర్లా పడుకున్న అమ్మాయి అతనికేసి ఉరిమి చూసింది.

"కొంగలా ఎంతసేపు నిలబడాలండీ?"

"మీ బూటు కిందే టైగర్ బీటిల్, అదే పులిపురుగు, పిల్లల బొరియలున్నాయి."

ఆమెది పురుగుల మీద పరిశోధన. అతను అదే తిన్నె మీదుగా కరకట్టకు గీత గీయడానికి వచ్చాడు. ఇంతకంటే మంచి ముహూర్తం దొరుకుతుందా తగువుకి!

"బొరియలు చూపిస్తే చీమలవన్నారు మీ ఇంజనీరు. ఇవాళ అయిదింటిలోగా పురుగు ఇక్కడ గుడ్లు పెడుతున్న ఫొటో తెస్తేనే గీత మారుస్తారట. లేకపోతే రేపే దీనిమీద రాళ్లు పోస్తారు."

"ఆయన మా మేనమామే. మాటంటే మాటే."

ఆమె మొహం వాడిపోయింది. అతనికి మనసొప్పలేదు. ఫోన్ పట్టుకుని తళుక్కుమన్న ఓ ఆకుపచ్చ పురుగు వెంట పడ్డాడు. అది రివ్వున ఎగిరింది, అతను ఇసుకలో బోర్లా పడ్డాడు.

ఆమె పకపకా నవ్వింది. మరుక్షణమే కళ్లు తుడుచుకుంది. "మూడు వారాలుగా నాదీ ఇదే కథ. నీడ పడితే చాలు, పారిపోతాయి."

నీడ! సర్వేయరు దిగ్గున లేచాడు. సర్వే మిషన్‌ని బొరియలకు నలభై అడుగుల దూరంలో నిలబెట్టి, దాని దుర్బిణికి కన్ను ఆనించాడు.

ఎండ నెత్తిన మండుతోంది. గంట గడిచింది, రెండు గడిచాయి. అతను కదల్లేదు.

"రండి, త్వరగా!"

దుర్బిణిలో ఆడపురుగు గుడ్లు పెట్టడానికి తోకభాగాన్ని ఇసుకలోకి గుచ్చుతోంది. ఆమె ఊపిరి బిగబట్టి ఫోన్ ఆనించి ఫొటో తీసింది. చెంప అతని భుజానికి తగులుతున్నా ఇద్దరికీ తెలియలేదు. తెలిశాక ఇద్దరూ జరగలేదు.

అయిదుకి పది నిమిషాల ముందు ఆఫీసులోకి పరుగెత్తారు. ఇంజనీరు ఫొటోని పెద్దది చేసి, కళ్లజోడు సవరించుకుని మరీ చూశాడు.

"నాదే పొరపాటమ్మా. చీమలు కావివి."

పాత గీత కొట్టేసి, తిన్నెకు అవతలగా కొత్తది గీశాడు. ఆమె చప్పట్లు కొట్టింది.

"ఒరేయ్ అల్లుడూ, మళ్లీ రెండు నెలల సర్వే నీకు. పురుగుల కోసం ఇంత కష్టపడతావా?"

"పురుగుల కోసం కాదు మావయ్యా." అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఈవిడ కోసం."

ఆమె తలెత్తి సూటిగా అతన్నే చూసింది.

"నాకు రెండు నెలలు సరిపోవండీ. జన్మంతా కావాలి."

ఇంజనీరు అప్పటికే ఫోన్ అందుకున్నాడు.

"అక్కా! కూర్చుని విను. నీకు కోడలు దొరికింది."