యువాన్‌జీ లేని కషాయం

పొద్దున్నే కౌ బావ్‌షెంగ్ ఇంట్లో మరుగుతున్న కషాయం వాసన, పక్కింట్లో వేగుతున్న పిండి కడ్డీల వాసన కలిసి సందంతా కమ్మేశాయి. కషాయం వాసనకి మా బోజౌలో ఎవరూ ముక్కు మూసుకోరు. ఊళ్ళో సగం మంది మూలికల మండీ మీదే బతుకుతున్నారు కదా! బావ్‌షెంగ్ కూడా ఆ మండీలోనే వేర్లు తరిగి, ఎండబెట్టి, గోతాలకెత్తి, మొన్నీమధ్యే పని మానేశాడు. ఇక కాళ్ళు చాపుకుని హాయిగా పడుకుంటాడనుకుంటే, ఉన్న నిద్ర కాస్తా ఎగిరిపోయింది.

"ఏమయ్యా ముసలాయనా, రాత్రి కన్ను మూతపడిందా?" అంది భార్య యులాన్, గంజి గిన్నె ముందుకు తోస్తూ.

"పడింది. కోడి కూయగానే లేచాను."

"మన సందులో కోడి ఎక్కడుందీ?"

"అదేగా! కోడి కూసిందని కల వచ్చిందంటే కాసేపు పడుకున్నట్టే కదా."

మామూలుగా అయితే ఇలాంటి మాటకి కూతురు మైసుయి గంజి పొలమారేలా నవ్వేది. ఇవాళ నవ్వలేదు. గిన్నె పక్కన ఫోన్ పెట్టుకుని దాన్నే చూస్తోంది. దేశానికి ఆ చివరన, కష్గర్‌లో, పత్తి విత్తనాల పరిశోధన కేంద్రంలో ఉద్యోగం వచ్చింది పిల్లకి. చదివిన చదువుకి అంతకన్నా మంచి చోటు దొరకదు. వస్తుందో రాదో ఇవాళ మధ్యాహ్నంలోగా చెప్పేయాలి. ఇంట్లో మాత్రం ఆమె ఒకటే మాట పట్టుకుంది. "నాన్నకి కంటినిండా నిద్ర పడితేనే వెళ్తా. లేదంటే లేదు." ఆ మాట అన్నప్పటినుంచీ ఇంటిల్లిపాది చూపూ బావ్‌షెంగ్ కనురెప్పల మీదే.

నాడి చూసిన జీ డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. "పైన గుండెలో నిప్పుంది, కింద మూత్రపిండాల్లో నీరుంది. నీరు పైకి రావాలి, నిప్పు కిందికి దిగాలి. అప్పుడే మనిషికి నిద్ర. నీలో ఆ రెండూ మాటలు మానేశాయయ్యా. ఒకే ఇంట్లో అలిగి మూతులు ముడుచుకుని కూర్చున్నాయి." అని రేగు గింజలూ, అవీ ఇవీ కలిపి మందు రాసింది. పొట్లాలు విప్పి మూలికలు నానబెట్టే పని బావ్‌షెంగే మీద వేసుకున్నాడు. మా ఆయనకి నా చేతులంటే ఎంత జాలో అని యులాన్ సందంతా చెప్పుకుని మురిసిపోయింది, పిచ్చి తల్లి!

ఎప్పటిలాగే యులాన్ కషాయం వడకట్టి మొగుడి చేతికిచ్చి, పిప్పి తీసుకెళ్ళి సందు మొదట్లో కుమ్మరించి వచ్చింది. నలుగురూ తొక్కుకుంటూ పోతే రోగం వాళ్ళ కాళ్ళతో పాటే పోతుందని మాకు నమ్మకం. ఇవాళ ఆ దారినే జీ డాక్టరమ్మ కూరలు కొనుక్కుని వస్తోంది. తొక్కబోయి ఆగింది. గొడుగు మొనతో కెలికింది. వంగి చూసింది. ఆ తరవాత చంకలో ఉల్లికాడల కట్టతో, అరచేతిలో తడి పిప్పితో తిన్నగా వీళ్ళింట్లోకి వచ్చేసింది.

"యులాన్! ఈ మందు ఏ కొట్లో కొన్నావే?"

"ఎప్పుడూ కొనే కొట్లోనేనండీ డాక్టరమ్మగారూ. ఏమైందీ?"

"యువాన్‌జీ ఏదీ? నేను రాసిన మందుకి అదే ప్రాణం. ఒక్క ముక్క కనపడితే ఒట్టు!"

యులాన్ మొహం జేవురించింది. "హవ్వ! నవ్వుతూ నవ్వుతూ తూకం వేసి ఇంత మోసమా? ఆ కొట్టువాడి సంగతి ఇవాళ తేల్చేస్తా!" అంటూ చేతిలో గరిటెతోనే గుమ్మం దాటింది.

"ఆగవే, ఆగు!" బావ్‌షెంగ్ గిన్నె కింద పెట్టి ఒక్క ఉదుటున లేచాడు. "పాపం, వాడి తప్పేం లేదు."

"లేదని నీకెలా తెలుసు?"

బావ్‌షెంగ్ తల గోక్కున్నాడు. గోడకేసి చూశాడు. గరిటెకేసి చూశాడు. "నేనే ఏరేశాను" అన్నాడు చివరికి.

డాక్టరమ్మ అరచేతిలోంచి ఇంకో ముక్క పైకెత్తింది. "మరి ఈ దాంగ్‌గుయ్ ఎక్కణ్ణించి వచ్చింది? నేను రాయలేదే!"

"అది... నేనే వేశాను."

మైసుయి కుర్చీ వెనక్కి తోసి లేచింది. యువాన్‌జీ అంటే మా మాటల్లో 'దూరపు ఆశయం'. దాంగ్‌గుయ్ అంటే 'తిరిగి రావాలి'. పిల్లకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేకపోయింది.

"అంటే కావాలనే చేశావన్నమాట! నీకు నిద్ర పడితే నేను వెళ్ళిపోతానని మందే చెడగొట్టుకున్నావా నాన్నా? నేనిక్కడ నీకేమవుతుందోనని హడలి చస్తుంటే!"

"అది కాదే తల్లీ..."

"ఇంకేం కాదు! ఉండిపోవే అని ఒక్క మాట అనొచ్చుగా! ఇంత నాటకం ఎందుకూ?"

"నాటకమేం కాదే!" బావ్‌షెంగ్ గొంతు కూడా లేచింది. "పొద్దునా సాయంత్రం గిన్నెడేసి దూరపు ఆశయం మింగమంటే ఎలా మింగనే? ఇల్లంతా ఆ పేరే మరుగుతుంటే నువ్వు ఇంకాస్త దూరం పోతావేమోనని భయమేసింది. అందుకని అది తీసేసి, ఇది వేశా. నిద్ర సంగతి నాకు తోచనే లేదు!"

డాక్టరమ్మ ఫక్కున నవ్వింది. చంకలోని ఉల్లికాడలు జారి కిందపడ్డా చూసుకోలేదు.

"ఒరేయ్ బావ్‌షెంగ్! జన్మంతా మండీలో మూలికలు తరిగావు కదరా, యువాన్‌జీ చేసే పనేంటో తెలీదూ?"

"తరిగేవాణ్ణే గానీ తాగేవాణ్ణి కాదు కదండీ."

"గుండెకీ మూత్రపిండాలకీ మధ్య రాయబారం నడిపేది అదేరా! రాయబారిని మెడపట్టి బయటికి గెంటేసి, మాటలు కలవడం లేదంటే ఎలా కలుస్తాయి?"

నవ్వడం అయ్యాక ఆవిడ తండ్రినీ కూతుర్నీ మార్చి మార్చి చూసింది. ఉల్లికాడలు ఏరుకుంటూ, "లోపల సంగతి నేను చూసుకుంటా. బయట సంగతి మీరు చూసుకోండి" అని వెళ్ళిపోయింది.

మైసుయి తండ్రి పక్కన కూర్చుంది. "నిజంగా నీ భయమేంటి నాన్నా?"

బావ్‌షెంగ్ గిన్నె అంచు తడిమాడు. "నువ్వు వెళ్తావని కాదే. అక్కడ నీకు బాగుంటే ఇక్కడికి రావాలనిపించదేమోనని. అడుగుదామనే అనుకుంటా. నువ్వు ఎదురుగా కూర్చోగానే గంజిలో ఉప్పు సరిపోయిందా అని అడుగుతా."

మైసుయి కళ్ళు నిండాయి. "నేనూ నీలాంటిదాన్నే కదా. వెళ్ళు అని నీ నోటివెంట వినాలని ఆశ. అడగడానికి నోరు రాక, ఆ నిద్ర మెలిక పెట్టా."

"సరిపోయింది! ఇద్దరూ ఇద్దరే! మధ్యలో నేను అనవసరంగా కొట్టువాడి తల పగలగొట్టేదాన్ని" అంటూ యులాన్ ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది.

బావ్‌షెంగ్ మంచం కిందనుంచి టీ డబ్బా తీశాడు. ఏరేసిన యువాన్‌జీ అంతా అందులోనే ఉంది. పారేయడానికి మనసొప్పలేదట. యులాన్ అది వేసి మళ్ళీ కాచింది. ఆయన మొహం వికారంగా పెట్టి గటగటా తాగేసి, వాకిట్లో వెదురు కుర్చీలో వాలి, మొహం మీద పేపరు కప్పుకున్నాడు. కాసేపటికే గురక మొదలైంది. అలాంటిలాంటి గురక కాదు, కిటికీ అద్దాలు అదిరే గురక.

మైసుయి గుమ్మంలో నిలబడి నమ్మలేనట్టు చూసింది. చూసి చూసి ఫోన్ తీసింది. "వస్తున్నానండీ... ఆ, తప్పకుండా వస్తాను." అవతలివాళ్ళు ఏదో అడిగారు. "ఆ చప్పుడా? మా నాన్నండీ. నిద్రపోతున్నారు" అని ఫోన్ పెట్టేసింది. మొహం కడుక్కుందామని లోపలికి వెళ్ళింది.

యులాన్ మెల్లగా కుర్చీ దగ్గరికి వచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ గురక ఆమెకి తెలియనిది కాదు. అసలు గురకకి చివర సన్నటి ఈల ఉంటుంది. ఇందులో ఈల లేదు. పైగా కాలి బొటనవేలు ఆడుతోంది. వంగి చెవిలో, "ఇక చాల్లే, ఫోన్ పెట్టేసింది" అంది.

గురక ఆగింది. "నమ్మిందా?" అంది పేపరు.

"నమ్మింది."

"అమ్మయ్య. ఒక్క గిన్నె మందుకే నిద్ర వస్తుందటే? ఇవాళ చెప్పకపోతే దాని ఉద్యోగం పోదూ!"

కళ్ళున్న చోట పేపరు తడిసి ఉంది. వెనక ఏదో అలికిడైతే యులాన్ తిరిగి చూసింది. తడి మొహంతో మైసుయి గుమ్మంలోనే ఉంది. అంతా విన్నది. తల్లి ఏదో చెప్పబోతే వద్దని చెయ్యి ఊపి, వచ్చి తండ్రి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. ఆడుతున్న ఆ బొటనవేలు పట్టుకుని, "నాన్నా, దాంగ్‌గుయ్" అంది. "నేను తిరిగొస్తా. నువ్వు వెయ్యకపోయినా వస్తా."

కుర్చీలోంచి ఒక చెయ్యి వచ్చి పిల్ల తల మీద ఆగింది. ఎండ మెల్లగా వాకిట్లోకి జరిగింది. తల మీది చెయ్యి బరువెక్కి, జారి, కుర్చీ పక్కన వేలాడింది. మళ్ళీ గురక వచ్చింది. ఈసారి చిన్నదే, చివర సన్నటి ఈలతో.

యులాన్ పెదవి మీద వేలు పెట్టుకుంది. తల్లీకూతుళ్ళు ఒకరినొకరు పట్టుకుని, ఏడుస్తూ, నవ్వు ఆపుకుంటూ లోపలికి వెళ్ళారు. గంజి గిన్నెలు సాయంత్రం దాకా కడగలేదు, చప్పుడవుతుందని.