బురద కింద ముఖం

"ఆ బురద తుడిచెయ్యి బాబూ! నా బిడ్డ ముఖం నాకిచ్చెయ్యి, నీకు పుణ్యముంటుంది!" అంటూ ఆ తల్లి ఫోటో స్టూడియో బల్లమీద పేపరు ముక్క పరిచి భోరుమంది.

వరద ఇల్లంతా ఊడ్చుకుపోయి నాలుగు నెలలైంది. ఆల్బములు, సెల్‌ఫోన్లు, గోడమీది ఫోటోలు... ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. ఏడేళ్ల కూతురే మిగల్లేదు! మిగిలిందల్లా పేపర్లో పడిన ఈ బొమ్మ. స్కూలు డాబామీద నిలబడి, ముఖమంతా బురదతో, నోరు తెరిచి ఏడుస్తున్న పిల్ల. ఇది తీసిన గంటకే డాబా కూలింది. ఇప్పుడు ఏ గోడమీద చూసినా, ఏ విరాళాల పెట్టెమీద చూసినా ఇదే! చూసినవాళ్లంతా "అయ్యో, ఎంత వరద!" అన్నారే గాని, ఈ పిల్ల ఎవరని అడిగిన పాపాన పోలేదు. "అందరికీ అది వరద ఫోటో అండీ... నాకు నా చిట్టితల్లి!" అని భర్త దగ్గర ఎన్నిసార్లు గుండెలు బాదుకుందో!

స్టూడియో అతను బొమ్మను కంప్యూటర్లోకి ఎక్కించి పెద్దది చేశాడు. "బురద తీస్తే కింద ఏమీ ఉండదమ్మా. చెంపలు నేనే గీయాలి. గుర్తులేమైనా ఉంటే చెప్పండి."

"పుట్టుమచ్చ! ఎడమ చెంపమీద, కంటి కింద."

"కుడి చెంపే," అన్నాడు వెనక నిలబడ్డ భర్త.

"మీకేం తెలుసు? రోజూ జడ వేసింది నేను!"

"రోజూ ఎత్తుకు తిప్పింది నేను కాదూ? ముద్దు పెట్టుకునేది ఆ మచ్చమీదే కదే!"

కస్సుమనబోయి ఆగిపోయింది. జడ వేసేటప్పుడు పిల్ల అద్దంలో కదా కనిపించేది... ఎదురుగా చూస్తే ఒకవైపు, అద్దంలో చూస్తే ఇంకోవైపు... తన ఎడమ చెంప తడుముకుంది, కుడి చెంప తడుముకుంది. ఓరి దేవుడా! కన్నతల్లికి తెలియకపోవడమేమిటి!

భర్త తన అక్కకు ఫోన్ చేశాడు. "మచ్చా? గడ్డమ్మీద కదరా!" అంది ఆవిడ. ఫోన్ పెట్టేసి, "నాకూ... సరిగ్గా గుర్తులేదేమోనే..." అంటూ గోడవైపు తిరిగిపోయాడు.

"పోనీ, మచ్చ లేకుండా చెయ్యనా అమ్మా?" అన్నాడు స్టూడియో అతను.

"మచ్చ లేకపోతే అది నా పిల్లెలా అవుతుంది?"

తెరమీది బురదను వేలితో తడిమింది. అటు ఆ బురద తుడిపించనూ లేదు, ఇటు దాన్నలా చూస్తూ ఉండనూ లేదు!

"వద్దు బాబూ... బురద అలాగే ఉండనీ. మచ్చ ఎక్కడుందో దాని కింద అక్కడే ఉంది. మేం చెప్పిన చోట పెట్టావంటే, ఆ అసలు మచ్చ కాస్తా పోతుంది!"

భర్త వచ్చి ఆమె భుజమ్మీద చెయ్యి వేశాడు. స్టూడియో అతను ఏడుస్తున్న పిల్లను ఏడుస్తున్నట్టుగానే కాగితమ్మీద తీసి, తల్లి చేతిలో పెట్టాడు.