జీతంతో సెలవు

ఆ శనివారం ఎండ వాకిట్లోకి వచ్చినా జయానందం మంచం దిగలేదు. బీదర్ మైసూరు రాష్ట్రంలో కలిసిన కొత్తలో తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరినవాడు, ఒళ్ళు కాలిపోతున్నా నాగా పెట్టి ఎరగడు. అలాంటివాడు ముసుగు తీయకపోయేసరికి, జొన్నరొట్టె తడుతున్న తల్లి రిబ్కమ్మ చేయి ఆపింది.

"ఏందిరా కొడుకా, కచేరికి పోవా?"

"రజా ఇచ్చిండ్రమ్మా. వారం దినాలు."

"పగారు కోస్తరేమో!"

"కొయ్యరు. పగారుతోనే రజా. సర్కారు సంతోషపడి ఇచ్చింది."

జీతంతో సెలవన్నది అబద్ధం కాదు గానీ, పూర్తి నిజమూ కాదు. పొయ్యి దగ్గర కోడలు హేబ్సిబా తల ఎత్తకుండా కట్టె ఎగదోసింది.

రిబ్కమ్మ ముఖం చాటంత అయింది. ఆమె ఎరిగిన సర్కారు మనిషిని కూర్చోబెట్టి జీతమిచ్చిన సర్కారు కాదు. రోడ్డు పనిలో రాళ్ళు కొట్టిన పెనిమిటి ఏసప్పకు, తల్లిని మట్టిచేసిన రోజు కూడా కూలి కోసేశారు. అలాంటి ఇంట పుట్టినవాడికి ఇంత మర్యాదా!

"ఇంట్లనే ఉంటవు గదా, జనవాడకు పోయి మీ మామ కాడి జొన్నల బస్తా సైకిల్ మీద ఏసుకరా."

"ఇప్పుడు గాదమ్మా."

"రెండు బిందెల నీళ్ళన్న చేదు."

"నేను చేదుతనత్తమ్మా," అంటూ హేబ్సిబా గబగబా బిందె అందుకుంది.

"రజా దొరికితే మగోనికి ఒళ్ళు బరువైతదా?" అని రిబ్కమ్మ సణిగింది. సణుగుడులోనూ మురిపెమే.

మరునాడు ఆదివారం. మేలు పొందినవాళ్ళు ఏసు గుడిలో లేచి నలుగురిలో సాక్ష్యం చెప్పి, ఉన్నదాంట్లో ఏదో ఒకటి కానుకగా ఇచ్చుకోవడం వాళ్ళ సంఘంలో వాడుక. రిబ్కమ్మ గుడ్లు పెట్టే నల్లకోడిని చంకన పెట్టుకుని లేచింది. కొడుకు ఒంట్లో నలతగా ఉందని రాలేదు, కోడలు చిన్నపిల్లను సాకుగా చెప్పి ఇంట్లోనే ఉండిపోయింది. వాళ్ళుంటే కొంగు పట్టి లాగేవాళ్ళే.

"నా కొడుకును సర్కారు మెచ్చింది. పగారుతోని వారం రజా ఇచ్చింది. మన సంఘంల పెండ్లయిన మగోళ్ళందరికి గట్లాంటి రజానే దొరకాలె. దేవునికి స్తోత్రం!"

మగవాళ్ళు ఒక్కసారిగా పాటల పుస్తకాల్లోకి తల దూర్చారు. ఆడవాళ్ళ కొంగులు నోళ్ళకు చేరాయి. పాస్టరు అయ్యగారు గట్టిగా దగ్గి పాట ఎత్తుకున్నారు. కోడి ఒక్కటే ఏమీ ఎరగనట్టు కొక్కొక్కో అంది.

బయటికి రాగానే, అదే కచేరీలో బంట్రోతుగా ఉన్న సిలాసు భార్య ప్రేమమ్మ ఆమెను గోడ పక్కకు లాక్కుపోయింది.

"వదినా, నీకు నిజంగ తెల్వదా? గా రజా సర్కారు ఊకె ఇస్తదా? ఇంక పిల్లలు పుట్టకుంట మగోడు ఆపరేషన్ చేయించుకుంటె ఇస్తది. పోయినేడు మా ఆయనకు గట్లనే ఇచ్చిండ్రు."

"నీకేందే, నలుగురు కొడుకులు! నా కొడుక్కి ఇద్దరు ఆడపిల్లలే!"

రిబ్కమ్మ అక్కడ ఇంకో క్షణం నిలవలేదు. ఇంటిదాకా అడుగులు గట్టిగా వేసుకుంటూ నడిచింది. గడప దాటుతూనే అరిచింది.

"వారం రజాకు వంశం అమ్ముకున్నవారా? మీ నాయిన పేరు నిలిపేటోడు వద్దా?" అని, కోడలి వైపు తిరిగింది. "నువ్వే నేర్పినవు!"

"దానికి తెల్వదమ్మా. చేయించుకొచ్చినంకనే చెప్పిన," అంటూ జయానందం మంచం మీద మెల్లగా లేచి కూర్చున్నాడు. గొంతు మాత్రం మెల్లగా లేదు. "ముందుగాల చెప్తె వద్దనేది."

"అదన్న నయం, దానికన్న బుద్ధి ఉన్నది."

"బుద్ధి గాదు, నీ మీద పానం. చిన్నదాని కాన్పప్పుడు మిషన్ దవాఖాన డాక్టరమ్మ ఏమన్నదో ఎరుకేనా? ఇంకో కాన్పైతే తల్లి దక్కదన్నది. మా ఇద్దరికీ చెప్పింది. నీకు చెప్పొద్దని ఇది నాతోని ఒట్టు పెట్టించుకున్నది."

రిబ్కమ్మ కోడలి మీంచి కొడుకు వైపు తిరిగింది.

"రోజూ మాపటి ప్రార్థనల నువ్వు మనుమన్ని ఇయ్యి ప్రభువా అంటవు. అందరికంటె గట్టిగ ఆమెన్ అనేది ఇదే. గా ఆమెన్ ఇన్నప్పుడల్ల నా గుండె దడదడలాడేదమ్మా. రజా ఇయ్యకున్నా చేయించుకుందును. పగారు కోసినా చేయించుకుందును. తిట్టు, కొట్టు, ఇల్లిడిసి పొమ్మను. చేసిన పనికి మాత్రం నేను బాధపడ."

రిబ్కమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. చిన్నది పుట్టిన రోజు కాన్పు బట్టలు బావి దగ్గర ఉతికింది తానే. ఎన్ని నీళ్ళు పోసినా తేటపడలేదు. మళ్ళీ ఆడపిల్లే అన్న దిగులులో, అంత రక్తం ఎవరి ఒంట్లోంచి పోయిందో ఆలోచించనేలేదు. ఇప్పుడు కోడలి మెడ ఎముకలు కనిపించాయి. తన అరుపులకు బెదిరి ఆమె కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడ్డ ఇద్దరు పిల్లలూ కనిపించారు.

"సస్తవని ఎరుకై కూడ ఆమెన్ అన్నవానే?"

"మీరు అంత ఆశపడి అడుగుతుంటె, నేనెట్ల ఊకుంటనత్తమ్మా?" అంది హేబ్సిబా నేల చూపులు చూస్తూ.

రిబ్కమ్మ కళ్ళు తుడుచుకుని, మోకాళ్ళ మీద చేయి ఆనించి లేచింది. చాప పరిచింది.

"రాండ్రి అందరు. ప్రార్థన."

"ఇప్పుడా? మట్టమధ్యాన్నం?" అన్నాడు కొడుకు.

"దేవునికి గడియారం ఉన్నదారా? నువ్వు మంచం మీదనే కూసో, వంగకు."

పిల్లలను చెరో పక్కన కూర్చోబెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, నేను ఇన్నొద్దులు అడిగింది అడగలేదనుకో. ఇయ్యకుంట మంచి పని జేసినవు. నా కొడుకు నాకంటె ముందుగాల సోయి తెచ్చుకున్నడు. నాకు మనుమడొద్దు. ఈ పిల్లను ఉంచు. నేను కన్ను మూసినంక కూడ శానా ఏండ్లు ఉంచు."

ఆగింది. ఆమెన్ వినపడలేదు. ఒక కన్ను తెరిచి చూస్తే, హేబ్సిబా కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

"ఏమే, దినాం వాడకట్టు లేచేటట్టు అంటవు. ఇయ్యాల నోరు పడిపోయిందా?"

"ఆమెన్," అంది హేబ్సిబా, వినబడీ వినబడకుండా.

"గట్టిగనే," అంది రిబ్కమ్మ, కోడలి చేయి తన చేతిలోకి లాక్కుంటూ.