ఎనిమిది కిటికీలు, సగం ధర పిజ్జా

“మా కిటికీలు కొలిచిన మహానుభావుడు ఎవరండీ?”

చర్చి హాల్లో సుత్తుల చప్పుడు ఆగిపోయింది. గుమ్మంలో ఎర్ర టోపీ అమ్మాయి. చంకలో మేం చేసిచ్చిన చట్రం: నాలుగు చెక్క పట్టీలు, రెండు వైపులా పల్చటి ప్లాస్టిక్, అంచున స్పాంజి. పాత కిటికీకి లోపల బిగిస్తే చలిగాలి రాదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో మా ఊరివాళ్ళం ఏటా శీతాకాలానికి ముందు కలిసి చేసుకునే పని ఇది.

అందరూ నన్ను చూపించారు. స్నేహితులు మరి!

“నేనేనండీ, ఆల్డెన్.”

“నేను కొలెట్. ఎనిమిదిలో ఒక్కటీ పట్టట్లేదు. పై మూల దూరితే కింది మూల బయటికొస్తోంది. కొలిచింది మా ఇల్లేనా, పక్కిల్లా?”

నా తప్పు నాకు తెలుసు. పాత ఇళ్ళు ఒరుగుతాయి, ఐమూలగా కూడా కొలవాలి. వాళ్ళ నాయనమ్మ పెట్టిన ఆపిల్ పై ముక్క తినే ధ్యాసలో ఆ సంగతే మరిచిపోయాను.

“మళ్ళీ చేసిస్తాను లెండి.”

“ఎప్పటికి? థాంక్స్‌గివింగ్ పండక్కి మా అత్త వస్తోంది. ఇల్లు వెచ్చగా లేకపోతే మెమేని తనతో వెచ్చటి ఫ్లోరిడా తీసుకుపోతానంది. నేను లేనిదే మెమే ఉండలేదు, నేనూ పోవాల్సిందే.”

మెమే అంటే ఆ నాయనమ్మే. పండుగకి రెండు వారాలుంది.

ఇద్దరం కలిసి మళ్ళీ కొలిచాం, కోశాం, బిగించాం. పనయ్యాక పెట్రోల్ బంకుకి వెళ్ళేవాళ్ళం. ఆరు దాటితే అక్కడ మిగిలిన పిజ్జా ముక్కలు సగం ధరకే ఇస్తారు. పక్కనే మిషన్లలో బట్టలు ఉతుక్కునే లాండ్రీ. ఎవరివో దుప్పట్లు ఆరుతున్న వేడి డ్రయ్యర్‌కి వీపులానించి తినేవాళ్ళం.

“అమ్మాయిని బయటికి తీసుకెళ్ళడమంటే లాండ్రీకా?”

“ఊళ్ళో ఇంతకన్నా వెచ్చటి హోటల్ ఉంటే చెప్పు.”

“నీ పుట్టగొడుగులు నా ముక్క మీద వేస్తావేంటి?”

“నీకిష్టమని మెమే చెప్పింది.”

“ఇద్దరూ కలిసి నా మీద ఎంక్వయిరీ చేస్తున్నారన్నమాట!”

ఆమె నవ్వింది. ఆ నవ్వుతో నా పని అయిపోయింది. ప్రేమిస్తున్నానని చెబుదామని రోజూ అనుకోవడం, ముక్క నమిలి ఊరుకోవడం. ఒకవేళ పోవాల్సొస్తే, ఆమె కాళ్ళకి అడ్డం పడటం న్యాయమా?

పండుగ నాడు జోసెట్ అత్త దిగింది. నేరుగా మెమే పడకగదిలోకి వెళ్ళి, కిటికీ దగ్గర కొవ్వొత్తి వెలిగించింది.

“గాలికి మంట కదిలిందా, సామాను సర్దాల్సిందే.”

అందరం గుడ్లప్పగించి చూశాం. మంట నిలకడగా ఉంది. ఉంది, ఉంది... ఉన్నట్టుండి వణికింది.

మెమే ముఖం పాలిపోయింది. కొలెట్ కళ్ళల్లో నీళ్ళు.

“చూశావా అమ్మా?” అంది అత్త మెమేతో.

“అది గాలి కాదండీ, నేను,” అన్నాను. “ఊపిరి బిగపట్టాను. ఇక ఆగలేక వదిలేశాను.”

“బిగపట్టడం ఎందుకయ్యా?”

“మంట కదిలితే కొలెట్ వెళ్ళిపోతుందని. తను వెళ్ళిపోతే నేను ఉండలేను. తనంటే నాకు ప్రాణమండీ.”

పిల్లకి చెప్పాల్సింది వాళ్ళ అత్తకి చెప్పాను. నా బతుకింతే.

అత్త నన్ను ఎగాదిగా చూసింది. “నువ్వెళ్ళి తలుపు దగ్గర నించో.”

నించున్నాను. ఈసారి ఊపిరి బిగపట్టింది కొలెట్. అత్త చాలాసేపు చూసింది. మంట రవ్వంత కూడా కదల్లేదు.

“సరే అమ్మా. ఇక్కడే ఉండు.”

కొలెట్ తలుపు దగ్గరికొచ్చింది. “నాకు చెప్పడానికి మధ్యలో మా అత్త కావాల్సొచ్చిందా?”

“నీ ఎదురుగానే కదా చెప్పాను!”

“ఇటు తిరిగి చెప్పు.”

తిరిగాను. నోరు తెరవబోయేంతలో మెమే కొవ్వొత్తి ఉఫ్‌మని ఊదేసింది.

“జోసెట్, మనకి వంటింట్లో పనుంది. పద.”